పాదలేపం కరగని ప్రవరుడు

పదిమంది మెచ్చుకున్నదాన్ని పట్టుకుని "బాగానే వుంది గాని..." అని నసిగేవాణ్ణి చూస్తే లోకానికి వొళ్ళు మండుతుంది. పెళ్ళిభోజనంలో అందరూ లొట్టలు వేస్తూ తింటుంటే పులుసులో ఉప్పు సంగతి ఎత్తినవాడికి పట్టే గతే వాడికీ పడుతుంది. ఆ సంగతి తెలిసివుండీ ఈ నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నాను. ఇక్కడ మెచ్చుకున్నవాళ్ళు పదిమంది కూడా కాదు, కోట్లమంది. నేను నసగబోతున్నది ఒక వీడియో గేమును గురించి.

దాని పేరు "ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్". జపాను దేశంలో క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీవారు 2017 మార్చి 3వ తేదీన విడుదల చేశారు. ఆ యేడు ఉత్తమ క్రీడగా "ది గేమ్ అవార్డ్స్" బహుమతి దీనికే వచ్చింది. విమర్శకులు వేసిన మార్కులన్నిటికీ సగటు కట్టే మెటాక్రిటిక్ వారి లెక్కలో నూటికి 97 తెచ్చుకున్నది. స్విచ్ అనే యంత్రం కోసం అమ్మిన ప్రతులే మూడుకోట్లు దాటాయి. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పేపర్లు దిద్దుతున్నాను గాని, ఏ పరీక్షకుడూ ఎవరికీ నూటికి 97 వెయ్యగా నేను చూడలేదు. అందుచేతనే ఆ మార్కుల జాబితాను కాస్త అనుమానంతోనే చేతిలోకి తీసుకున్నాననుకోండి.

వీడియో గేము లంటే ఎరగని పాఠకుల కోసం ఒక్క ముక్క చెప్పాలి. మామూలు ఆటల్లో నాటకంలో మాదిరి ఒక రంగం అయిన తరవాత మరో రంగం వస్తుంది. ఎదురుగా వున్న గోడ గోడే. దాని వెనక ఏముందో చూడాలంటే వీలుపడదు. ఈ బాపతు ఆటలను "ఓపెన్ వరల్డ్" ఆటలంటారు. ఇందులో ఒక దేశానికి దేశమే కట్టి మన ముందు పెడతారు. కనిపించిన కొండ మీదికల్లా ఎక్కవచ్చు, కనిపించిన యేరల్లా ఈదవచ్చు. దక్షిణానికి పొమ్మంటే ఉత్తరానికి పోవచ్చు. అడిగే నాథుడు లేడు.

కథ చిన్నదే. హైరూల్ అని ఒక రాజ్యం. దాన్ని గానన్ అనే మహాపిశాచం నాశనం చేసింది. రాజకుమారి జెల్డా తన శక్తినంతా ఒడ్డి, ఆ పిశాచాన్ని రాజకోటలోనే పట్టి బంధించివుంచింది. ఆమె అంగరక్షకుడు లింక్ ఆ యుద్ధంలో చావుబతుకుల్లో పడితే, ఒక గుహలో చికిత్స కోసం నిద్రపుచ్చారు. నూరేళ్ళు నిద్రపోయాడు. లేచేసరికి ఏమీ జ్ఞాపకం లేదు. ఆ లింకే మనం. గుహలోంచి బయటికి పరుగెత్తుకొస్తే ఒక కొండకొన మీద నిలబడతాం. ఎదురుగా రాజ్యమంతా పరుచుకుని వుంటుంది. దూరాన కోట చుట్టూ నల్లటి పొగ సుడులు తిరుగుతూ వుంటుంది. పక్కన చలిమంట దగ్గర ఒక ముసలాయన కాల్చిన ఆపిల్ పండు పెట్టుకుని కూర్చునివుంటాడు. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు.

ఈ మొదటి గంటను మెచ్చుకోని రసికుడుంటే నాకు చూడాలని వుంది.

అసలు దీని గొప్పతనమంతా ప్రకృతి తన నియమాల ప్రకారం తాను నడుచుకోవడంలో వుంది. వాన కురిస్తే బండలు జారుడు పడతాయి. సగం కొండ ఎక్కినవాడు జరజరా కిందికి వస్తాడు. గడ్డికి నిప్పంటిస్తే మంట గాలివాటున పాకుతుంది. ఆ వేడికి గాలి పైకి లేస్తే, చేతిలోని గుడ్డరెక్కలు విప్పుకుని ఆ గాలితో మనమూ పైకి లేవవచ్చు. మంచుకొండ మీద చలికి ప్రాణం కొట్టుకుపోతుంది. మిరపకాయలు వేసి వండుకు తింటే కాసేపు కాస్తుంది. (మిరపకాయ విలువ తెలిసిన జపాను వాడంటే మన గుంటూరువాళ్ళకు అభిమానం కలగాలి.) చెట్టును నరికి లోయ మీద పడేస్తే వంతెన అవుతుంది. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ఇనుపకత్తి వీపున వుంటే పిడుగు మన మీదే పడుతుంది. ఇందులో ఏ ఒక్కటీ ఎవరూ పాఠం చెప్పరు. చిన్నపిల్లవాడు నిప్పు కాలుతుందని తెలుసుకున్నట్టు మనమే తెలుసుకుంటాం.

ఇది ఊరికే వచ్చిపడిన విద్య కాదు. ఈ ఆటకు దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, నిర్మాత ఐజి అయోనుమా. మొదట 2015లోనే వస్తుందన్నారు. 2016కు పోయింది, చివరికి 2017లో తేలింది. పైకి ఇంత హంగుగా కనిపించే ఈ ప్రపంచాన్ని మొదట గీతల బొమ్మల్లాంటి ఒక చిన్న ఆటగా, 1986లో వచ్చిన మొట్టమొదటి జెల్డా ఆట పోలికలో కట్టి చూసుకున్నారు. చెట్టుకు నిప్పంటుకోవడం, దుంగ నీటిలో తేలడం వంటివన్నీ అందులోనే సరిచూసుకున్నారు. దేశం ఎంత వుండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఫుజిబయాషి తాను పుట్టిపెరిగిన క్యోటో నగరం పటం తీసి ఆట పటం మీద పరిచాడట. ఫలానా చోటునుంచి ఫలానా గుడిదాకా నడిస్తే ఎంత సేపు పడుతుందో ఒంటికి తెలిసిన మనిషి గనక, ఆ కొలతే దీనికి పెట్టుకున్నాడు. మొదటి జెల్డాను సృష్టించిన షిగెరు మియమోటో కూడా క్యోటో దగ్గర సొనొబె అనే ఊళ్ళో పెరిగినవాడే. చిన్నప్పుడు కొండల్లో తిరుగుతూ ఒక గుహ కనిపెట్టి, లాంతరు పట్టుకుని లోపలికి వెళ్ళాడట. ఆ చీకటే ఈ ఆటలన్నిటికీ మూలమని ఆయనే చెప్పుకున్నాడు. సొంత ఊరి పొలిమేరల్లో కాళ్ళు అరిగేటట్టు తిరిగినవాళ్ళు కట్టిన లోకం గనకనే అందులో నడవబుద్ధి వేస్తుంది.

నా చేతికి ఇది మా మేనల్లుడి ద్వారా వచ్చింది. ఇంజనీరింగు చదువు ముగించి పై చదువుకు విదేశం వెళ్ళిన కుర్రవాడు, సెలవులకు వచ్చి తిరిగి పోతూ "ఇది నీకే మావయ్యా, నీకు పనికొస్తుంది" అని యంత్రాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తెలుగు లెక్చరరుకు ఇదెందుకు పనికొస్తుందనుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. అది మొదలు రాత్రిళ్ళు భోజనాలయిన తరవాత ఒక గంట, ఆదివారాలు కొంచెం ఎక్కువ, దాదాపు యేడాదిపాటు హైరూల్లో తిరిగాను. యంత్రం చెప్పిన లెక్క ప్రకారం నూట నలభై గంటలు. నేను ఎమ్మే పరీక్షకు "మనుచరిత్ర" చదవడానికి కూడా అన్ని గంటలు పట్టలేదు.

ఆ మాట ఎందుకు ఎత్తానంటే, ఆడుతున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది మన ప్రబంధాలే. మన పూర్వులు కావ్యానికి అష్టాదశ వర్ణనలు వుండాలన్నారు. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం వగైరా. కథ ఒకచోట ఆగిపోయి, వసంతమాసం పది పద్యాలు, చంద్రుడు పన్నెండు పద్యాలుగా సాగుతుంటే విసుక్కునే విద్యార్థులను నేను ప్రతి యేటా చూస్తూనే వుంటాను. "కథ ఎప్పుడు కదులుతుంది మాష్టారూ?" అంటారు. వాళ్ళకు ఈ ఆట చూపించాలనిపించింది. ఇక్కడ నూటికి తొంభైపాళ్ళు వర్ణనే. గెరుడో ఎడారిలో ఇసుక తుఫాను, ఫరోన్ అడవిలో వాన, హెబ్రా కొండల మీద హిమపాతం, తెల్లవారగట్ల చెరువు మీద పొగమంచు. సంగీతం కూడా ఎడతెగకుండా మోగదు. పియానో మీద నాలుగు స్వరాలు పలికి ఊరుకుంటుంది, తరవాత గాలి చప్పుడే. పెద్దన హిమాలయం ఎదట నిలబడ్డ ప్రవరుడి కళ్ళు ఎట్లా విప్పారాయో నాకు తరగతి గదిలో కంటె ఇక్కడే బాగా తెలిసివచ్చింది.

అయితే చిక్కు కూడా ప్రవరుడి దగ్గరే వచ్చింది.

"మనుచరిత్ర" కథ తెలియని తెలుగువారు లేరు గాని, మరొక్కసారి తలుచుకుందాం. అరుణాస్పదపురంలో ప్రవరుడనే నైష్ఠికుడైన గృహస్థు. దేశాలు చూడాలని కోరిక, ఇల్లు విడిచిపోవడానికి తీరిక లేదు. ఒక సిద్ధుడు అతిథిగా వచ్చి పాదాలకు ఒక పసరు పూశాడు. ఆ లేపంతో క్షణంలో హిమాలయానికి చేరి, సెలయేళ్ళూ శిఖరాలూ కన్నులారా చూశాడు. మధ్యాహ్నమైంది, ఇల్లు చేరి నిత్యకర్మలు చూసుకోవాలనుకున్నాడు. తీరా చూస్తే మంచుకు పసరు కరిగిపోయింది! కాలు కదలదు. ఇంటికి దారి లేదు. అక్కడినుంచే కథ. వరూధిని కనిపించడం, అతను కాదనడం, చివరికి అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరడం, ఇక్కడ వరూధిని విరహంలో మాయాప్రవరుడి చేతికి చిక్కడం, స్వరోచి పుట్టడం, అతని కడుపున మనువు పుట్టడం. ఒక మన్వంతరమే ఆ కరిగిన పసరులోంచి పుట్టుకొచ్చింది. ఆ పసరే గట్టిగా అంటుకునివుంటే ప్రవరుడు మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి భోజనం చేసి, "హిమాలయం చాలా బాగుందే" అని భార్యతో చెప్పి పడుకునేవాడు.

హైరూల్లో లింకు పాదాల పసరు ఎన్నడూ కరగదు. అతని చేతిలో ఒక పలక వుంటుంది. పటం విప్పి, పూర్వం చూసిన ఏ గోపురాన్ని అయినా, ఏ గుడిని అయినా వేలితో చూపితే చాలు, మరుక్షణం అక్కడ వుంటాడు. గోపురాలు 15, గుళ్ళు 120. పులి నోట్లో తల పెట్టినవాడు కూడా పటం విప్పి మాయమైపోవచ్చు. చచ్చిపోతే ఒక నిమిషం వెనకటి చోట మళ్ళీ లేస్తాడు. చంపిన రాక్షసులు మాత్రం? కొన్నాళ్ళకొకసారి అర్ధరాత్రి ఎర్రటి చంద్రుడు ఉదయించి, చచ్చినవాళ్ళందరినీ రక్తబీజుడి సంతతిలాగా మళ్ళీ లేపి కూర్చోబెడతాడు. ఎక్కడా ఏదీ తుదముట్టదు. ఎక్కడా దారి మూసుకోదు.

మూసుకోకపోవడమే స్వేచ్ఛ అంటారు మెచ్చుకున్నవాళ్ళు. అది నిజమే, కాదనను. గుహలోంచి వచ్చిన తొలి మెట్టుమీది పనులు నాలుగు ముగించగానే తిన్నగా కోటకు పోయి గానన్ తో తలపడవచ్చు. చేయి తిరిగినవాళ్ళు మొదటినుంచి చివరిదాకా అరగంటలోపే ముగించేస్తున్నారు. ఇష్టం లేకపోతే యేడాది పొడుగునా పోకుండా కూడా వుండవచ్చు. అరగంటా ఒకటే, యేడాదీ ఒకటే. నాకు ముల్లు గుచ్చుకున్నది అక్కడే.

నిజానికి ఆ ముల్లు గుచ్చింది మా అమ్మ. డెబ్భై రెండేళ్ళ మనిషి. రాత్రిపూట నిద్రపట్టక నా పక్కన కుర్చీ వేసుకుని తెర చూస్తూ కూర్చునేది. మొదటి రోజే కథంతా చెప్పించుకున్నది. గుర్రం మీద పోతున్నంతసేపూ సంతోషంగానే వుండేది; కూలిపోయిన ఇళ్ళు వస్తే "ఎవరివో పాపం" అనేది. పదిహేను రోజులు పోయిన తరవాత, నేను కకారికో ఊరి పైనున్న కొండమీద పుట్టగొడుగులు ఏరుకుంటుండగా అడిగింది:

"ఏరా, ఆ పిల్ల ఇంకా ఆ కోటలోనే వుందా?"

"వుందమ్మా."

"నూరేళ్ళబట్టీ ఒక్కతే వాణ్ణి పట్టుకుని నిలబడివుందన్నావు. మరి నువ్వేమిటి ఈ కూరలూ అవీ?"

"ముందు బలం సంపాదించుకోవాలమ్మా. ఈ లోపల ఆమెకేం కాదులే. ఎన్నాళ్ళయినా అట్లాగే వుంటుంది."

"అట్లాగే వుంటుందని నీకు తెలుసు గదా, ఇక తొందరేముంటుంది?" అన్నది మా అమ్మ. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నది.

ఆ తరవాత పొగలు కమ్ముకున్న ఆ కోట ఎక్కడనుంచి కనిపించినా నాకు ఒకలాగా వుండేది. రాజ్యంలో దాదాపు ఏ కొండెక్కినా అది కనిపిస్తుంది. అట్లా కనిపించాలనే కట్టారు. చూస్తున్నవాడికి బాధ్యత గుర్తు చేయడానికి పెట్టిన కోట అది. కాని, ఎంత ఆలస్యం చేసినా ఎవరికీ వెంట్రుకవాసి నష్టం లేదని తెలిసిన తరవాత గుర్తు చేసి ఏం ప్రయోజనం? సీతమ్మవారు లంకలో రెండు నెలల గడువు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నది గనక హనుమంతుడి దూకుకు విలువ. గడువే లేకపోతే సుందరకాండ ఒక ద్వీపయాత్ర.

పోనీ గెలిచిన తరవాతనైనా లోకం మారుతుందా అంటే అదీ లేదు. గానన్ పడిపోతాడు, జెల్డా బయటికి వస్తుంది, చక్కని మాటలు నాలుగు చెబుతుంది. ఆట ముగుస్తుంది. మళ్ళీ యంత్రం తెరిస్తే యుద్ధానికి ముందు దాచుకున్న చోటికే తీసుకుపోయి దింపుతుంది. పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు పెడతారు, అంతే. కోట చుట్టూ పొగ అట్లాగే వుంటుంది. ఆమె లోపల అట్లాగే వుంటుంది. ఫలశ్రుతి చదివించి, వెంటనే పుస్తకాన్ని అరణ్యపర్వం దగ్గర తెరిచిపెట్టినట్టు!

చాలామంది ఈ ఆటలో తప్పుపట్టేది వేరొకటి వుంది, కత్తులు విరిగిపోవడం. పది దెబ్బలు కొట్టేసరికి ఎంత మంచి కత్తీ ముక్కలవుతుంది. దానికి నాకేమీ అభ్యంతరం లేదు. విరిగితే శత్రువు చేతిది లాక్కుంటాం, లేకపోతే ఊడ్చే చీపురుతో కొడతాం, నవ్వులాటగా వుంటుంది. నా బాధల్లా, ఇంత పెద్ద రాజ్యంలో విరిగేవి కత్తులొక్కటే కావడం.

ఈ మాటే మా మేనల్లుడికి ఫోనులో చెబితే వాడు ఊరుకోలేదు. "నువ్వు పుస్తకాల మనిషివి మావయ్యా. కథ వాళ్ళు చెబితే నువ్వు వినడం కాదిక్కడ. కథ నువ్వే చేసుకోవాలి" అన్నాడు. వాడి మాట తీసిపారేయదగ్గది కాదు. నాకూ అటువంటి కథ ఒకటి వుంది. ఒకనాడు గాలివానలో ఒక రాక్షసుడు వెంటపడ్డాడు. పిడుగు నా కత్తిని వెతుక్కుంటూ వస్తున్నదని ఆ మిణుకులు చూస్తే తెలిసింది. చప్పున కత్తి పారేసి పరుగెత్తాను. ఆ రాక్షసుడు కత్తి మీద ఆశపడి వంగి ఎత్తుకున్నాడు. పిడుగు వాడి నెత్తిన పడింది! ఎవరూ రాయని ఈ హాస్యఘట్టానికి రాత్రి పదకొండు గంటలకు ఒక్కణ్ణీ పకపకా నవ్వాను. పక్కగదిలో మా ఆవిడ లేచి వచ్చింది. ఇటువంటి ముచ్చట ఆడినవాళ్ళందరి దగ్గరా ఒకటి వుంటుంది. పొలం గట్టుమీద చెప్పుకోవడానికి భేషుగ్గా వుంటాయి. కాని అవి ముచ్చట్లే. మర్నాటికి ఆ పిడుగువల్ల హైరూల్లో ఎవరి బతుకూ మారలేదు, నాది కూడా.

ఇంతమాత్రం చేత ఆ జపానువాళ్ళకు ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. తెలుసుననడానికి ఆ రాజ్యంలోనే సాక్ష్యాలున్నాయి. సముద్రం మధ్య ఈవెన్ టైడ్ అని ఒక దీవి వుంది. అక్కడ కాలు పెట్టగానే మన కత్తీ, బట్టలూ, తిండీ సమస్తం మాయమవుతాయి. వొట్టి చేతులతో, చెట్టుకొమ్మతో ఆ రోజు గడుపుకోవాలి. ఆడినవాళ్ళను ఏది బాగుందని అడగండి, చాలామంది ఈ దీవి పేరే చెబుతారు. పసరు కరిగిన చోటు అదొక్కటే గనక. అక్కడా దీవి విడిచిపెడితే పోయినవన్నీ తిరిగివస్తాయనుకోండి.

అక్కలా ప్రాంతంలో టారీ టౌన్ అని మరొకటి. హడ్సన్ అనే వడ్రంగి చెరువు మధ్య బోసిగా వున్న గుట్ట మీద ఊరు కడతానని ఒక్కడే బయలుదేరుతాడు. మనం కట్టెలు కొట్టి ఇవ్వాలి, నలుమూలల జాతులనుంచీ మనుషులను వెతికి పంపాలి. పేరు చివర "సన్" అని వుంటేనే అతను చేర్చుకుంటాడు, అదొక చాదస్తం. ఒక్కో మనిషి వచ్చేకొద్దీ ఇళ్ళు లేస్తాయి, ఊరి పాటలో ఒక్కో వాద్యం చేరుతుంది. చివరికి హడ్సన్ కు ఎడారినుంచి వచ్చిన దర్జీ ఆవిడతో పెళ్ళి. నేను వెళ్ళకపోతే అక్కడ వొట్టి గుట్టే వుండేది. హటేనో ఊళ్ళో మూడువేల రూపీలు పోసి సొంత ఇల్లు కొనుక్కున్నప్పుడు కూడా (వాళ్ళ నాణేనికీ పేరు రూపీయే!) నాకు అంత తృప్తి కలగలేదు. రాజ్యాన్ని పిశాచం నుంచి విడిపించినప్పుడు మారని లోకం, ఒక వడ్రంగికి నాలుగు దుంగలు ఇస్తే మారింది.

అన్నిటిలోకీ గొప్పది బ్లాచరీ మైదానం. హటేనో ఊరికి పోయే దారిలో కోటగోడ ముందు ఒక చిత్తడి బయలు వస్తుంది. నిండా చచ్చిపడివున్న యుద్ధయంత్రాలు, నాచు పట్టి, గడ్డి మొలిచి. మొదటిసారి వెళ్ళినప్పుడు వాటి మీదెక్కి లోపలి ఇనుపచక్రాలు ఊడదీసుకుని మన దారిన మనం పోతాం. అదొక దారిలో మజిలీ. ఎన్నో గంటలు గడిచిన తరవాత, పాత ఛాయాచిత్రాలు పన్నెండింటిలోని చోట్లు పన్నెండూ వెతికిపట్టుకుని, ఒక్కొక్కచోట పోయిన జ్ఞాపకాన్ని ఒక్కొక్కటిగా తెచ్చుకున్నవాడికి, ఇంపా అనే ముసలమ్మ తన ఇంట్లో గోడకున్న ఆఖరు చిత్రం చూపిస్తుంది. ఆ చోటు వెతుక్కుంటూ పోతే అదే చిత్తడి బయలు! నూరేళ్ళ కిందట లింకు నెత్తురోడుతూ పడిపోయింది అక్కడ. అంతవరకు ఎంత తపస్సు చేసినా పలకని శక్తి, అతని ముందు చేతులడ్డంపెట్టి నిలబడ్డ జెల్డాలో పలికిందీ అక్కడే. ఆ యంత్రాలన్నీ ఆమె చేతివెలుగుకు పడిపోయినవే. నేను చక్రాలు ఊడదీసుకున్నది నా చావు జరిగిన చోట.

మా అమ్మ ఆ రాత్రి ఏమీ అడగలేదు. "ఆ పిల్లే కాపాడిందన్నమాట" అని మాత్రం అని, లేచి వెళ్ళి పడుకున్నది.

ప్రదేశమూ కథా అట్లా ఒకదానికొకటి తగిలితే వచ్చే నిప్పు ఎంతటిదో వాళ్ళకు తెలుసు. తెలిసీ, ఇంత దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని చోట్లే తగలనిచ్చారు. తక్కినచోట్ల దేన్ని పెట్టారు? ఆకుల ముఖాలు పెట్టుకున్న కొరోక్ లనే చిన్న వనదేవతలను దాచిపెట్టారు. రాయెత్తితే ఒకటి, చెరువులో దూకితే ఒకటి, మొత్తం 900. ఒక్కొక్కటి ఒక్కో విత్తనం ఇస్తుంది. సంచీలో చోటు పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. ఆ పైన కూడా పట్టువదలకుండా 900 ఏరిన విక్రమార్కులకు చివరి బహుమతిగా బంగారు రంగు ముద్ద ఒకటి చేతిలో పెడతారు. ఆ ముద్ద ఆకారం ఏమిటో పత్రికలో రాయడానికి వీలుకాదు. పొద్దున్నే పశువులదొడ్డి ఊడ్చేవారికి సులభంగా తెలుస్తుంది. తయారుచేసినవాళ్ళ చమత్కారానికి నేను నవ్వాను గాని, ఎవరో ఒక కుర్రవాడు యేడాదిపాటు సాయంత్రాలు ధారపోసి ఆ ముద్ద అందుకునివుంటాడు గదా అన్న ఆలోచన కూడా వెంటనే వచ్చింది.

నూట నలభై గంటల లెక్క నాకూ వున్నది. ఆ గంటల్లో మా అమ్మాయి లెక్కలు చూడవచ్చు. సగంలో ఆగిన పరిశోధన వ్యాసం పూర్తిచేయవచ్చు. ఏమీ చేయకుండా మేడ మీద పడుకుని నక్షత్రాలు చూడవచ్చు. ఆ సమయం వృథా అయిందని మాత్రం నాకు అనిపించడం లేదు. మోకాళ్ళు పట్టేసిన మనిషిని, డాక్టరు మెట్లెక్కవద్దన్నప్పటినుంచి మా ఊరి కొండ గుడికి కూడా పోలేదు. ఆ యేడాదిలో మాత్రం ఎన్ని కొండలెక్కానో లెక్కలేదు. తెల్లవారుతుండగా శిఖరం మీద నిలబడి, కింద ఎర్రబారుతున్న లోయను చూస్తూ, ఏ పనీ చేయకుండా అయిదేసి నిమిషాలు నిలబడిపోయిన రోజులున్నాయి. కనుకనే నా నసుగుడు. పనికిమాలినదైతే ఇంత రాయను. ఇంత చక్కగా దేశాన్ని కట్టగలిగినవాళ్ళు, అందులో నడిచేవాడి అడుగుకు ఇంకొంచెం బరువు పెట్టివుండకూడదా అన్నదే నా కొరత.

ఆ కొరత వాళ్ళకూ తోచిందనుకుంటాను. 2023 మే 12న దీనికి ఉత్తరభాగం వచ్చింది: "టియర్స్ ఆఫ్ ది కింగ్డమ్". రాజ్యం అదే, కొండలు అవే, పైన ఆకాశంలో దీవులు, కింద పాతాళం కొత్తగా చేర్చారు. (ఆడబోయేవారు ఇక్కడినుంచి చదవకపోవడం మంచిది.) ఈసారి జెల్డా ఎన్నో వేల యేళ్ళ వెనకటి కాలంలో చిక్కుపడిపోతుంది. లింకు ఖడ్గం విరిగిపోయింది. దాన్ని మళ్ళీ బతికించాలంటే ఆమెకు ఒక్కటే ఉపాయం. ఒక మహిమగల రాయిని మింగి డ్రాగన్ గా మారిపోవాలి. మారితే చావు వుండదు, తానెవరన్న తెలివీ వుండదు, తిరిగి మనిషయ్యే దారీ లేదు. తెలిసి మింగుతుంది. పసరును తన చేతులతో తానే కడిగేసుకున్నదన్నమాట.

ఆట చివర ఆమెను మళ్ళీ మనిషిని చేశారు. కనికరించారు, తప్పులేదు. అయితే ఆ సంగతి తెలిసిన రోజుకూ ఆట ముగిసిన రోజుకూ మధ్య నాకు నలభై గంటలు పట్టింది. ఆ నలభై గంటలూ నేను మునుపటి మాదిరే పుట్టగొడుగులు ఏరుకున్నాను, చెట్టుకింద కుండ పెట్టి వండుకున్నాను. తలెత్తితే పైన, మేఘాల్లో, తెల్లగా మెరిసిపోతూ ఆ డ్రాగన్ మెల్లిగా పోతూ వుండేది, తలలో ఆ ఖడ్గం గుచ్చుకుని. మొదటి రోజునుంచీ అది అక్కడే తిరుగుతున్నది. నేనే చూసి, ఏదో పక్షి అనుకుని, కుండలో ఉప్పు వేసుకున్నాను.